ప్రశ్నించు అణువు, రక్షించు అణువు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కాలువ, తూము, లాకు అను మాటలను విప్పి చెప్పనక్కరలేదు. ఒక పిల్లకాలువ ఏయే చేలకు నీరిచ్చుచున్నదో తెలిసికొనుటకు పటము లేకున్నను ఒక తేలికమార్గము కలదు. ఆ కాలువ తూమును కొన్నిదినములు మూసివేసి, ఏ చేలు నెఱ్ఱెలు విచ్చుచున్నవో చూచిన చాలును. తూమును మరల ఎత్తగానే చేలు తేరుకొనును. తెలియవలసిన సంగతియు తెలిసిపోవును. తూమును పగులగొట్టియు ఈ సంగతిని తెలిసికొనవచ్చును గాని, అప్పుడు తూమును పోవును, చేనును పోవును.

మానవదేహములోని ఒక్కొక్క కణము ఒక చిన్న డెల్టా వంటిదే. అందు వేలకొలది రకముల మాంసకృత్తులు ఒకదాని పనిని మరియొకదానికి అందించుచు నడచుచుండును. వానిలో ఏది యే పని చేయుచున్నదో కంటితో చూచి చెప్పుటకు వీలులేదు. కాని ఒక మాంసకృత్తులోని పల్లమున సరిగా ఇమిడి, దాని పనిని కొంతసేపు ఆపివేయగల చిన్న అణువు దొరకిన యెడల, అది తూముమీది పలక వంటిదగును. ఆ అణువును చేర్చినపుడు ఏది ఆగెనో, కడిగివేసినపుడు ఏది తిరిగి సాగెనో చూచి, ఆ మాంసకృత్తు ఉద్యోగమేమో నిర్ణయింపవచ్చును. ఇట్టి అణువును శోధకాణువు అందుము. ఆ ఆపుదల రోగికి మేలు చేయునదైనచో, ఆ అణువే ఔషధమగును. రసాయన జీవశాస్త్రము అను పేరుతో నేడు విశ్వవిద్యాలయములలో వర్ధిల్లుచున్న విద్యకు ఇదియే మూలసూత్రము.

చిన్న అణువు అనగా ఎంత చిన్నది? హైడ్రోజన్ పరమాణువు బరువును ఒకటిగా తీసికొన్నచో నీటి అణువు బరువు 18. మనము మాత్రలుగా మ్రింగు మందులలో పెక్కింటి బరువు 500కు లోపుగా ఉండును. మాంసకృత్తుల బరువు వేలలోను, లక్షలలోను ఉండును. ఇన్సులిన్ బరువు సుమారు 5,800. అది మాంసకృత్తు జాతిది గనుక, నోట వేసికొన్నచో పప్పువలె జీర్ణమైపోవును. అందుచేతనే సూదిమందుగా ఎక్కించుకొనవలసి వచ్చినది. చిన్న అణువులలో చాలభాగము ప్రేవుల గోడను దాటి, రక్తములో కలిసి, కణములోనికి చొరబడగలవు. బీదవాని ఇంటికి సులువుగా చేరగల వైద్యము చిన్న అణువే అనుటలో అతిశయోక్తి లేదు.

మన కంచెలపై ప్రాకు అగ్నిశిఖ అను తీగను చాలమంది చూచియుందురు. ఎఱుపు పసుపు కలసిన దాని పువ్వు అగ్నిజ్వాల వలె ఉండును. దాని దుంపయు, గింజయు విషము. ఆ విషము పేరు కాల్చిసిన్. వాతరక్తపు నొప్పులకు వైద్యులు దీనిని మిక్కిలి స్వల్పమోతాదులో ఇచ్చుట అనాదినుండి ఉన్నది. అది కణవిభజనను నిలిపివేయునని తెలిసినను, ఎట్లు నిలుపునో తెలియదు. 1960లలో అమెరికాలోని శాస్త్రజ్ఞులు కాల్చిసిన్‌కు రేడియోధార్మిక పరమాణువును గుర్తుగా తగిలించి, అది కణములో పోయి దేనిని పట్టుకొనునో వెదకిరి. అది పట్టుకొన్నది అంతవరకు పేరు లేని ఒక మాంసకృత్తు. దానికి తరువాత ట్యుబులిన్ అని పేరు పెట్టిరి. కణమునకు అది దూలముల వంటిది. కణము రెండుగా చీలునపుడు వారసత్వపు పోగులను చెరియొకవైపునకు లాగు త్రాళ్లును దానితోనే అల్లబడును. వైద్యుని చేతిలో మందైనది, పరిశోధకుని చేతిలో ప్రశ్న అయినది.

అయితే ప్రతి అణువును సత్యమే చెప్పునని నమ్మరాదు. ఒక అణువు పది మాంసకృత్తులను ఒకేసారి పట్టుకొన్నచో, దాని సాక్ష్యము చెల్లదు. అందుచేత మంచి శోధకాణువునకు తోడుగా, రూపమున దాదాపు దానివలెనే యుండి పని మాత్రము చేయని అణువును కూడ పరీక్షింతురు. మొదటిదానితో ఆగినది రెండవదానితో ఆగకున్ననే సాక్ష్యమునకు విలువ. ఈ పరీక్షలో నెగ్గనివానిలో మన వంటింటి పసుపులోని కుర్కుమిన్ ఒకటి యని చెప్పిన కొందరికి కష్టము తోచవచ్చును. పరీక్షనాళికలో అది తగిలిన ప్రతిదానితోను పనిచేసినట్లే కనిపించును. కారణము, అది దేనితోనైన అంటుకొను స్వభావము గలది, త్వరగా విరిగిపోవునది, తానే వెలుగు చిమ్ముచు కొలతలను తారుమారు చేయునది. ఔషధ రసాయనజ్ఞులు 2017లో ఈ సంగతిని విపులముగా సమీక్షించిరి. కూరలో పసుపునకు ఇందువలన వచ్చిన లోటేమియు లేదు. దానిని సర్వరోగ నివారిణిగా సీసాలలో అమ్మువారి మాటలను మాత్రము కొంచెము తగ్గించి వినవలెను.

ఇక ఈ విద్య మన డెల్టాకు ఎట్లు సంబంధించినదో చూతము. ఈ విద్యకు ఇంకను పేరే పెట్టని దినములలో, అణువును ప్రశ్నగాను మందుగాను ప్రయోగించి చూపినవారిలో ముఖ్యుడొకడు భీమవరములో పుట్టినవాడు. ఆయన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. జననము 1895 జనవరి 12. రాజమహేంద్రవరములో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నమున చెన్నపట్టణములో గట్టెక్కినది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువు కొనసాగుచుండగా ఖద్దరు ధరించి, దాని ఫలముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ప్రోత్సాహముతోను 1920ల ఆరంభమున అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ పాకీపని చేసెననియు చెప్పుదురు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద ఆయనకు దొరికిన మొదటి పని భాస్వరమును కొలుచుట. రక్తములోను, మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో నమ్మకముగా కొలుచు ఉపాయము అప్పటికి లేదు. మాలిబ్డేటు అను లవణమును, మరియొక చిన్న కర్బన రసాయనమును చేర్చినచో, భాస్వరము ఉన్నంత మేరకు నీలిరంగు తేలునట్లు వారు పద్ధతి నేర్పరచిరి. రంగు చిక్కదనమే కొలత. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని జీవరసాయన విద్యార్థులు నేటికిని నేర్చుచున్నారు. చూచుటకు ఇది గుమాస్తాపని వలె కనిపించును. కాని ఆ నీలిరంగు వెంట నడచిపోగా, కండరములో దాగియున్న రెండు అణువులు బయటపడినవి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. రెండవదానిని అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా కనుగొనెను. దానినే నేడు ఎ.టి.పి. అని బడిపిల్లలు కూడ వల్లించుచున్నారు.

కండరము ముడుచుకొనుటకు బలమునిచ్చునది లాక్టిక్ ఆమ్లము తయారగుటయే అని అప్పటి పెద్దల సిద్ధాంతము. ఆ త్రోవలో పరిశోధించిన హిల్, మయర్‌హాఫ్ అను ఇరువురకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఫాస్ఫోక్రియాటిన్ దొరకిన తరువాత సందేహము పుట్టినది. సందేహమును తీర్చినది మరల ఒక చిన్న అణువే. డెన్మార్కులో లుండ్స్‌గార్డు అను శాస్త్రజ్ఞుడు అయొడోఎసిటిక్ ఆమ్లముతో కండరమునకు విషము పెట్టి చూచెను. ఆ విషము లాక్టిక్ ఆమ్లపు తూమును పూర్తిగా మూసివేసినది. అయినను కండరము కొంతసేపు ముడుచుకొనుచునే యుండెను. ఆ సేపటిలో తరిగిపోయినది ఫాస్ఫోక్రియాటిన్. 1930లో జరిగిన ఈ ప్రయోగము శోధకాణువు చేయవలసిన పనికి అచ్చమైన దృష్టాంతమని మా అభిప్రాయము.

ఎ.టి.పి. బరువు 507. కణములోని వందలకొలది ఎంజైములు తమ పల్లములలో ఈ అణువును కూర్చుండబెట్టుకొని పనిచేయును. 2001లో ఒక విధమగు తెల్లకణముల కాన్సరునకు మందుగా అనుమతి పొందిన ఇమాటినిబ్ చేయు పనియెల్ల, తప్పుదారి పట్టిన ఒక ఎంజైములో ఎ.టి.పి. కూర్చుండవలసిన పీఠమును తాను ఆక్రమించుటయే.

హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను చోట లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరెను. అక్కడ ఆయన ముందు పెట్టుకొన్న ప్రశ్నలలో ఒకటి సొంత ఇంటిది. యౌవనములో ఆయన సోదరులిరువురు కొలది దినముల తేడాలో స్ప్రూ అను వ్యాధివలన మరణించిరి. ప్రేవులు ఆహారసారమును గ్రహింపలేక, విరేచనములతో మనిషి చిక్కి, రక్తము పలుచనై పోవు వ్యాధి అది. మన గ్రహణికి దగ్గరిది.

రక్తము పలుచనగుటను గూర్చిన మొదటి ఆచూకీ మన దేశములోనే దొరకినది. లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశీలించి, మార్మైట్ అను ఈస్టుసారము తినిపించిన వారు తేరుకొందురని 1931లో ప్రకటించెను. అందలి గుణమునకు కారణమేదో తెలియలేదు. 1941లో మరికొందరు టన్నులకొలది పాలకూరనుండి ఒక పదార్థమును వడకట్టి, ఆకునకు లాటిన్ మాటనుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లము అని పేరిడిరి. సుబ్బారావుగారి బృందము దానిని శుద్ధముగా సాధించి, 1945లో ప్రయోగశాలలోనే నిర్మించి, మరుసటి సంవత్సరము దాని నిర్మాణమును వివరించెను. స్ప్రూ రోగులకు అది ఇచ్చినపుడు నాలుక పూత తగ్గి, ఆకలి పుట్టి, రక్తము వృద్ధియైనది. సోదరుల విషయములో పాతికేండ్లకు పైగా ఆలస్యమైనది. నేడు మన గ్రామములలో గర్భిణులకు ఇనుముతో చేర్చి ఇచ్చు మాత్రలలోని ఫోలిక్ ఆమ్లము ఇదియే.

ఆ నిర్మాణము తెలియగానే మరియొక చిక్కుముడి తానై విడినది. ఫోలిక్ ఆమ్లములో మూడు ముక్కలున్నవి. మొదటిది సీతాకోకచిలుకల రెక్కల రంగులో కనిపించు టెరిడిన్. రెండవది పారా అమినో బెంజోయిక్ ఆమ్లము. మూడవది గ్లుటామిక్ ఆమ్లము. సల్ఫామందులు సూక్ష్మజీవులను ఎట్లు చంపుచున్నవని అంతకుముందు కొన్నియేండ్లుగా వాదము జరుగుచుండెను. అవి ఆ నడిమిముక్కను పోలియుండి, సూక్ష్మజీవిని మోసపుచ్చి, దానిని ఫోలిక్ ఆమ్లము తయారు చేసికొననీయకున్నవని ఇప్పుడు స్పష్టమైనది. మనము ఆకుకూరల ద్వారా తయారైన ఫోలిక్ ఆమ్లమునే తినుదుము గనుక ఆ మోసము మనకు తగులదు.

ఇక్కడనుండి కథ మలుపు తిరిగినది. బోస్టనులో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా బాలులకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థములు ఇచ్చి చూడగా, రోగము తగ్గుటకు మారుగా ముదిరినట్లు తోచెను. మందు వికటించినదని మరియొకడైనచో అంతటితో విడిచివేసి యుండును. ఫార్బర్ దానిని సమాధానముగా తీసికొనెను. ఈ అణువు కాన్సరు కణములకు ఆహారమైనచో, దీనికి శత్రువైన అణువు వానికి పస్తు కావలెను గదా! అట్టి శత్రువును సుబ్బారావుగారి బృందము తయారు చేసి యిచ్చినది. ఫోలిక్ ఆమ్లములో ఒకచోటనున్న ఆక్సిజన్ గుంపునకు బదులుగా నైట్రొజన్ గుంపును ఉంచిరి, అంతే. మొదటిదాని బరువు 441, రెండవదాని బరువు 440. వీసమెత్తు కూడ కాని ఆ తేడాతో పోషకము ప్రతిపోషకమైనది. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన నివేదికలో పదునారుగురు పిల్లలలో పదిమందికి స్పష్టమైన గుణము కనిపించెను. గుణము తాత్కాలికమే, రోగము మరల తిరుగబెట్టినది. కాని అంతవరకు ఆ వ్యాధికి ఏ మందును లేదు.

దానికి ఒక చిన్న మిథైల్ గుంపును తగిలించగా వచ్చిన తమ్ముడు మెతోట్రెక్సేటు, బరువు 454. 1956లో గర్భాశయ సంబంధమైన ఒక క్రూరమగు కాన్సరును అది నయము చేసినట్లు అమెరికాలో వెల్లడియైనది. పిల్లల ల్యుకేమియా చికిత్సలో నేటికిని దానికి స్థానమున్నది. కీళ్లవాతమునకు కూడ స్వల్పమోతాదులో ఇత్తురు. ఇక్కడ ఒక మాట ఇంటింటను గుర్తుంచుకొనదగినది: కీళ్లవాతమునకు ఈ మాత్ర వారమునకు ఒకసారి వేసికొనునది. దినమాత్ర యనుకొని రోజును మ్రింగినవారు ప్రాణాపాయమున పడిరి. ఏ వారమున వేసికొనవలెనో వైద్యుని అడిగి, పెట్టెమీద పెద్దయక్షరములతో వ్రాసికొనుట మంచిది.

మందుగా ఇంత చేసిన మెతోట్రెక్సేటు, ప్రశ్నగా అంతకు తక్కువ చేయలేదు. అది పోయి పట్టుకొను ఎంజైము డైహైడ్రోఫోలేటు రిడక్టేసు అని 1950ల చివర తేలినది. 1977లో ఆ ఎంజైము, దానిని పట్టుకొన్న మెతోట్రెక్సేటు జంటగా స్ఫటికరూపమున కనిపించినవి. తాళములో తాళపుచెవి ఎట్లున్నదో ఎక్స్‌రే కిరణములతో చూడగల్గిరి. 1978లో మరియొక విచిత్రము బయటపడెను. ఈ మందులో పెరుగుటకు అలవాటుపడిన కణములు ఆ ఎంజైముయొక్క జన్యువును ఒకటికి వందలుగా పెంచుకొని, మందు పట్టుకొనగలిగినదానికంటె ఎక్కువ ఎంజైమును తయారుచేసికొనుచున్నవి. జన్యువుల సంఖ్య జీవితకాలమున మారదని నమ్మియున్నవారికి ఇది పెద్ద ఆశ్చర్యము. కాన్సరు ఎందుకు తిరుగబెట్టునో అందులో ఒక జవాబు దొరకినది.

హార్వర్డులో ఫిస్కే వద్దనే పరిశోధనాభ్యాసము చేసిన జార్జి హిచింగ్సు, గెర్ట్రూడ్ ఎలియన్ అను విదుషితో కలసి ఈ తాళమును మరియొక ప్రక్కనుండి పట్టెను. ఇదే ఎంజైము మనయందును, బాక్టీరియాలయందును ఉన్నది గాని, రెండింటి పల్లముల రూపము కొంచెము వేరు. బాక్టీరియా ఎంజైమును వేలరెట్లు గట్టిగా పట్టుకొని, మన ఎంజైమును దాదాపు విడిచిపెట్టునట్టి ట్రైమెథోప్రిమ్‌ను ఆ బృందము సాధించెను. అది సల్ఫామందుతో కలసి కోట్రైమాక్సజోల్ మాత్రగా మన మందుల దుకాణములలో ఉన్నది. వీరిద్దరికి 1988లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఇప్పుడు మన ప్రాంతపు పెద్ద బాధకు వత్తము. గోదావరి మండలములలో బోదకాలు తెలియని ఊరు లేదు. పల్లపు నేల, మెల్లగా కదలు మురుగు కాలువలు, ఇంటి వెనుక నిలువనీటి గుంటలు. వానిలో పెరుగు క్యూలెక్సు దోమ. ఆ దోమ కాటుతో వచ్చు సన్నని దారము వంటి పురుగులు లింఫు నాళములలో కాపురముండి, పిల్లపురుగులను రక్తములోనికి విడుచును. నాళములు చెడి, ఏండ్లు గడచిన పిమ్మట కాలు పొంగును. పురుషులకు వరిబీజమును ఇందువలన రావచ్చును. ఈ వ్యాధి ప్రాణము తీయుట అరుదు. పని తీయును, పెండ్లి తీయును, పదిమందిలోనికి పోవు ధైర్యమును తీయును.

పిల్లపురుగులు పగలంతయు ఊపిరితిత్తుల నాళములలో దాగి, రాత్రి పదిగంటలు మొదలు రెండు గంటలవరకు బయటి రక్తములో విహరించును. దోమ కుట్టునదియు అప్పుడే. అందుచేత పరీక్ష చేయువారు నడిరాత్రి తలుపులు తట్టి, నిద్రించువారిని లేపి వేలికొనను పొడిచి రక్తము తీయవలసి వచ్చెడిది. భారత ప్రభుత్వము 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. తరువాత రాజమహేంద్రవరములో ఈ వ్యాధిని గూర్చి శిక్షణకును పరిశోధనకును కేంద్రము నెలకొల్పబడెను.

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులు ఈ వ్యాధి పాలైరి. అంతవరకు ఉన్న మందులు అంజనము, పాషాణము సంబంధమైనవి. పురుగుతోపాటు మనిషినికూడ బాధించునవి. సుబ్బారావుగారి పరిశోధనశాలలో ఫైలేరియా జాతి పురుగులు సోకిన పత్తిచేని ఎలుకలకు ఒకదాని తరువాత ఒకటిగా వందలకొలది రసాయనములు ఇచ్చి చూచిరి. తేలినది డైఇథైల్‌కార్బమజిన్. బరువు 199 మాత్రమే. 1947లో ప్రకటింపబడి, హెట్రజాన్ అను పేరుతో వెలువడినది. మన ఆరోగ్య కార్యకర్తలు డి.ఇ.సి. మాత్ర అని ఇంటింటను పంచినది అదియే. భీమవరపు బిడ్డ తన ఊరి వ్యాధికి న్యూయార్కు ప్రక్కన కూర్చుండి మందు కనుగొనెననుట కథవలె తోచును గాని, అక్షరాల సత్యము.

ఈ మాత్ర తానే ఒక పరీక్ష కూడ. పగటిపూట ఒక మోతాదు ఇచ్చిన యెడల, దాగియున్న పిల్లపురుగులు సుమారు గంటలోపుననే చెదరి బయటి రక్తములోనికి వచ్చును. అప్పుడు వేలు పొడిచి చూడవచ్చును. నడిరాత్రి మేలుకొలుపు తప్పినది. ఈనాడు వ్రేలి రక్తపుబొట్టుతో పురుగు ఆనవాలు చెప్పు పట్టీలు కూడ వచ్చినవి. ఆఫ్రికాలో కొన్నిచోట్ల చర్మమునందును కంటియందును మరియొకజాతి ఫైలేరియా పురుగులుండును. అక్కడ డి.ఇ.సి. మ్రింగించినచో పురుగులు ఒక్కుమ్మడి చచ్చి కంటికి హాని చేయును గనుక, ఆ మందును మ్రింగింపక, చర్మముపై అద్ది, దురద పుట్టినదా లేదా అని రోగము గుర్తింతురు.

డి.ఇ.సి. అడిగిన ప్రశ్నలన్నిటికిని జవాబు ఇంకను రాలేదు. గాజుపళ్ళెములో పిల్లపురుగులపై దీనిని పోసినచో అవి చావవు. మనిషి మ్రింగినచో కొన్ని గంటలలో రక్తమునుండి మాయమగును. అనగా చంపునది మందొక్కటే కాదు; దేహమును తోడు చేసికొని చంపుచున్నది. 2005లో, నైట్రిక్ ఆక్సైడు తయారుచేయు ఒక ఎంజైము లేకుండ పుట్టించిన ఎలుకలకు ఈ మందు ఇచ్చి చూడగా పని చేయలేదు. కావున ఆ ఎంజైమునకు ఇందులో పాత్ర కలదని తేలెను. 2020లో మరియొక బృందము, ఈ అణువు పురుగు కండరములలోని కొన్ని ద్వారములను తెరచి దానిని కొంతసేపు చచ్చుబడునట్లు చేయుచున్నదని చూపెను. మొదటి మాత్ర తరువాత డెబ్బదియేండ్లకు ఈ సంగతులు తెలియుచున్నవి.

మందుయొక్క హద్దులను కూడ చెప్పవలెను. పొంగి గట్టిపడిన కాలును ఇది మామూలు చేయజాలదు. దానికి దినమును సబ్బుతో కడిగి తుడిచి, వ్రేళ్ల సందులు ఆరనిచ్చి, పుండ్లు పడకుండ చూచుకొనుటయే శరణ్యము. పెద్దపురుగులను ఇది పూర్తిగా చంపలేదు. పిల్లపురుగులను తుడిచివేసి, దోమకు అందకుండ చేయును. పెద్దపురుగు సంతానము కను కాలము నాలుగునుండి ఆరేండ్లు. అంతకాలము ఊరంతయు సంవత్సరమునకు ఒకసారి మందు మ్రింగినచో గొలుసు తెగును. ఈ లెక్కతోనే 2004 నుండి మన దేశములో వ్యాధిగల జిల్లాలలో సామూహిక ఔషధ పంపిణీ ప్రారంభమైనది. కొన్నియేండ్లకు ఆల్బెండజోల్ మాత్ర తోడైనది. రెండేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఇది ఇయ్యరు.

ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. మాత్ర ఇంటికి వచ్చుట వేరు, గొంతు దిగుట వేరు. కార్యకర్త పంచిపోయిన మాత్రలు కిటికీ గూటిలోను, దేవుని మందిరము ప్రక్కను కాగితపు పొట్లముగా మిగిలిపోవుట మనమందరము చూచినదే. మాకు కాళ్లు బాగుగానే ఉన్నవి గదా, మందెందుకు అని అందురు. రక్తములో పిల్లపురుగులు ఉండియు ఏ లక్షణమును లేక తిరుగువారే దోమకు గిడ్డంగులు. మ్రింగినవానికి జ్వరము వచ్చినది, మందు పడలేదు అని మరియొక భయము. ఆ జ్వరము సామాన్యముగా చచ్చిన పిల్లపురుగుల వలన వచ్చునది. ఒకటి రెండు దినములలో తగ్గును. అనగా మాత్ర జవాబు చెప్పినదన్నమాట: ఈ దేహములో పురుగున్నది. అట్టి జ్వరము తీవ్రమైనచో వైద్యునికి చూపవలెను గాని, దానిని చూచి ఇరుగుపొరుగువారు మాత్రలు పారవేయుట తెలివిగాదు. జనాభాలో నూటికి కనీసము అరువదియైదుగురు నిజముగా మ్రింగిననే ఆ విడత ఫలించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కార్యకర్త ఎదుటనే మ్రింగించవలెనను నియమము అందుకొరకే. ఐవర్‌మెక్టిన్‌ను చేర్చి మూడు మందుల పద్ధతిని 2017లో ఆ సంస్థ సిఫారసు చేసెను. పిల్లపురుగులను అది రెండు మందులకంటె ఎక్కువ కాలము అణచియుంచును.

సుబ్బారావుగారి పర్యవేక్షణలోనే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి బంగారువన్నె మందు ఒకటి తీసెను. 1948లో వెలువడిన ఆ ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబమునకు పెద్దది. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు ఏబది మూడవ యేట మరణించిరి. ఆ కుటుంబపు మందులు బాక్టీరియాలు మాంసకృత్తులు తయారుచేయు యంత్రమును పట్టుకొనును. పురుగులపై వానికి పని లేదని అందరును ఎంచిరి. కాని 1970లలో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచినపుడు ఫైలేరియా పురుగుల కణములలో బాక్టీరియాల వంటి మచ్చలు కనిపించియుండెను. అవి వోల్బాకియా అను బాక్టీరియాలని పిదప తేలినది. అవి అక్కడ అతిథులా, కుటుంబీకులా? 1990లలో టెట్రాసైక్లిన్‌ను ఇచ్చి అడిగిరి. బాక్టీరియా చచ్చిన తరువాత పురుగు ఎదుగుదల ఆగి, గొడ్డుపోయినది. అదే మందును, వోల్బాకియా లేని మరియొక ఫైలేరియా పురుగుపై ప్రయోగింపగా దానికేమియు కాలేదు. ఇదియే ముందు మేము చెప్పిన సాక్ష్యపరీక్ష.

ఆ కుటుంబములోని డాక్సీసైక్లిన్‌ను కొన్ని వారములు వరుసగా ఇచ్చినచో, డి.ఇ.సి. చంపలేని పెద్దపురుగులు కూడ మెల్లగా చచ్చునని మనుష్యులపై జరిపిన పరీక్షలలో తేలినది. చిక్కు ఆ వారములలో ఉన్నది. ఊరంతటికి నెలపైన దినమును మాత్ర వేయించుట అయ్యెడి పని కాదు. ఎనిమిదేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును అది తగదు. అదే బాక్టీరియాను ఏడు దినములలోనో, అంతకు తక్కువలోనో చంపగల చిన్న అణువునకై ఇప్పుడు ప్రయోగశాలలలో వెదకుచున్నారు.